రెండు దూర నగరాల మధ్య విమాన దూరం కొలవడం ఎలా?

గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే విమాన దూరం తేలదు. లండన్ హీత్రో విమానాశ్రయం నుంచి టోక్యో హనెడా విమానాశ్రయానికి మెర్కేటర్ మ్యాపులో (గుండ్రటి భూమిని చదునుగా పరిచి గీసే ఒక రకం ప్రపంచ పటం) తిన్నగా గీసిన గీత వెంబడే పోతే సుమారు 11,340 కిలోమీటర్లు వస్తుంది. భూగోళం మీద అతి దగ్గరి దారి 9,591 మాత్రమే. ఈ దగ్గరి దారి పేరు మహావృత్త మార్గం. కొలవాల్సింది దీన్నే.

ముందు ఏ విమానాశ్రయమో తేల్చుకోండి. టోక్యో అని ఊరుకుంటే చాలదు. నరిటా ఎయిర్‌పోర్టు నగరం నడిబొడ్డుకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది.

గ్లోబు ఉంటే సాగని దారం ఒకటి చాలు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మీద దారాన్ని వేళ్లతో అదిమిపట్టి బిగలాగండి. దారం దానంతటదే ఉత్తరానికి జరిగి సైబీరియా మీద కూర్చుంటుంది. అదే అసలు దారి. కొలిస్తే 22.6 సెంటీమీటర్లు రావాలి. 2 మిల్లీమీటర్లు వదులైనా 85 కిలోమీటర్లు తేడా పడుతుంది.

కచ్చితమైన అంకె కావాలంటే లెక్క కట్టాల్సిందే. హీత్రో అక్షాంశం 51.47, రేఖాంశం −0.45. హనెడాకు 35.55, 139.78.

1. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.45483.
2. రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా 140.23 కొసైన్‌ను, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి గుణించండి: −0.38955.
3. రెండూ కూడండి: 0.06528. దీని విలోమ కొసైన్ (కాలిక్యులేటరులో cos⁻¹) 86.257 డిగ్రీలు.
4. డిగ్రీకి 111.195 కిలోమీటర్ల చొప్పున హెచ్చవేయండి: 9,591.

నాటికల్ మైళ్లు కావాలంటే 1.852తో భాగించండి. రేఖాంశాల తేడా 180 దాటినా కంగారు అక్కర్లేదు, కొసైన్ అదే చూసుకుంటుంది.

ఎక్కువ మంది తప్పేది నిమిషాల దగ్గర. 51 డిగ్రీల 28 నిమిషాలను 51.28 అని కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 28ని 60తో భాగించాలి. లేకపోతే హీత్రో 21 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. పశ్చిమ రేఖాంశానికి మైనస్ మరిచిపోవడం ఇంకో తప్పు. ఇక్కడ 33 కిలోమీటర్లే తగ్గుతుంది కాబట్టి కంటికి ఆనదు, న్యూయార్క్–టోక్యోకైతే వేల కిలోమీటర్లు తారుమారవుతాయి. కాలిక్యులేటరులో ముందుగా సైన్ 30 కొట్టి చూడండి. 0.5 రాకుండా −0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉన్నట్టు.

ఈ లెక్క భూమిని నిండు గోళంగా తీసుకుంటుంది. నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉండటం వల్ల అర శాతం లోపు తేడా ఉండొచ్చు. ఆన్‌లైన్ టూల్స్ కొన్ని ఆ నొక్కును కూడా లెక్కేస్తాయి. రెండు చోట్ల రెండు అంకెలు కనిపించడానికి ఒక కారణం ఇదే.

విమానం నిజంగా ఎగిరిన దూరం వేరే సంగతి. గాలులు, ఎయిర్ రూట్లు, మూసిన గగనతలాలు దాన్ని పెంచుతాయి. 2022లో రష్యా తన గగనతలాన్ని బ్రిటన్ విమానాలకు మూసేసింది, జపాన్ ఎయిర్‌లైన్స్ తమంతట తామే అటు పోవడం మానేశాయి. అప్పటి నుంచి ఈ రెండు దేశాల విమానాలు సైబీరియా మీదుగా పోకుండా అలాస్కా, గ్రీన్‌లాండ్ వైపు గానీ మధ్య ఆసియా మీదుగా గానీ చుట్టు తిరుగుతున్నాయి. అలాంటప్పుడు ఫ్లైట్ ట్రాకింగ్ సైటులో ఆ రోజు విమానం వెళ్లిన దారి తెరిచి, మలుపు మలుపుకూ ఇదే లెక్క కట్టి ముక్కలన్నీ కూడండి.