అద్దె ఫ్లాట్‌లో చల్లగాలికి అడ్డుకట్ట: నా అనుభవం

హీటర్ వేసినా కాళ్ల దగ్గర చల్లగాలి కొడుతుంటే ముందు ఏదీ కొనకండి, గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి. బాగా గాలి వీచే రోజున ఫ్యాన్లన్నీ ఆపి, అగరొత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట, తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పాను (కర్టెన్లు జాగ్రత్త!). పొగ వంకర తిరిగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మా ఇంట్లో పెద్ద దొంగ కిటికీ కాదు, మెయిన్ డోర్ కింద సందు. దానికి తలుపు అడుగున అంటించే రబ్బరు పట్టీ వేశాను, సగం చలి దానితోనే పోయింది.

కిటికీలకు ఫోమ్ టేప్. ఇక్కడ తొందరపడితే లాభం లేదు, ఫ్రేమ్ మీద దుమ్ము, జిడ్డు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరాకే అంటించాలి, లేకపోతే కొన్నాళ్లకే ఊడి వేలాడుతుంది. మందం కూడా చూసుకోండి, మరీ లావు టేప్ వేస్తే గడియే పడదు. స్లైడింగ్ కిటికీ రెక్కలు రాసుకునే చోట ఫోమ్ చిరిగిపోతుంది, అక్కడ బ్రష్ పట్టీయే (బ్రష్‌లా సన్నటి కుచ్చు ఉండే పట్టీ) నయం. కింది ట్రాక్‌లో ఉండే చిన్న రంధ్రాలు వాన నీరు పోవడానికి, వాటిని మూయొద్దు.

అసలు తెరవని కిటికీకి వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాను. చూడ్డానికి అంత అందంగా ఏమీ లేదు, కానీ పని చేస్తోంది.

ఇంట్లో గ్యాస్ హీటరో గీజరో ఉంటే దాని కోసం పెట్టిన గాలి సందుల జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి, అవి మూస్తే ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఇంట్లో పేరుకోవచ్చు, దానికి వాసన కూడా ఉండదు.