యోడెల్ నేర్చుకుందాం – 4: గొంతు విరగాలి, జారకూడదు

యోడెల్ అంటే నిండు గొంతు నుంచి సన్నని పై గొంతుకు ఒక్కసారిగా మారుతూ పాడటం. మూడో పాఠం తర్వాత మీరు పాడి పంపినవన్నీ విన్నాను. దాదాపు అందరిదీ ఒకటే పొరపాటు. అందుకే ఈ వారం చెబుతానన్న గిటారు వాయింపు పక్కన పెట్టాను. అమెరికా కంట్రీ గాయకుడు జిమ్మీ రోజర్స్ పాటల్లో చరణం చివర వచ్చే 'ఓ-లే-ఈ-ఓ' దగ్గర మీరు కింది స్వరం నుంచి పైకి జారుతున్నారు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారిలో ఇది మరీ ఎక్కువ. జారు మనకు అందం. రెండు స్వరాలు అతుకు తెలియకుండా కలవాలని చిన్నప్పటి నుంచి సాధన చేశాం. యోడెల్‌కు ఆ అతుకే ప్రాణం. నిండు గొంతు (మామూలుగా మాట్లాడే గొంతు) తటాలున తెగి, దొంగ గొంతు (సన్నని పై గొంతు, ఫాల్సెట్టో) అందుకోవాలి. తెగిన చోటు వినపడాలి. మీసాలు వచ్చే వయసులో అబ్బాయిల మాట మధ్యలో గొంతు కీచుమంటుంది కదా, అదే కావాలి. అయితే మనం కోరిన అక్షరం మీద రావాలి. దాన్ని దయచేసి నునుపు చేయకండి.

పై స్వరానికి బలం పెట్టకండి. పెడితే నిండు గొంతే పైకి లాక్కుపోయి అరుపవుతుంది. బలం అక్కర్లేదనడానికి రోజర్సే సాక్షి. 1897లో పుట్టిన ఆయన రైళ్లలో బ్రేక్‌మన్‌గా (బ్రేకులు చూసే పనివాడిగా) పనిచేశారు. 1924లో క్షయ అని తేలింది. అమెరికాలోని బ్రిస్టల్‌లో రికార్డుల నిర్మాత రాల్ఫ్ పీర్ ముందు మొదటిసారి రికార్డుకు పాడింది 1927 ఆగస్టు 4న. అంటే మనం వినే ఆయన యోడెల్ ప్రతి ఒక్కటీ ఆ జబ్బు ఊపిరితో పాడిందే. 1933 మే నెలలో న్యూయార్క్ స్టూడియోలో పాటకూ పాటకూ మధ్య మంచం మీద నడుం వాల్చి, లేచి మళ్లీ పాడారు. 24న ఆఖరి పాట, 26న మరణం. వయసు 35. ఇది తలచుకున్నప్పుడల్లా నా గొంతులో బిగువు దానంతటదే తగ్గుతుంది.

అక్షరాల సంగతి తేలిక: కింద 'ఓ', 'ఏ', పైన 'ఈ'. నేను శ్రుతిపెట్టె ఆపేస్తాను, అది మోగుతుంటే చెవి మళ్లీ జారు వైపే లాగుతుంది.

సాధన: సా మీద 'ఏ', పా మీద 'ఈ'. కంఠమణి మీద వేలు ఆనించి పాడితే విరిగినప్పుడు అది చటుక్కున కదలడం తెలుస్తుంది. రోజుకు యాభై సార్లు. తర్వాత, 1930లో జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్‌తో రికార్డు చేసిన రోజర్స్ పాట, తొమ్మిదో 'బ్లూ యోడెల్' వినండి. ప్రతి చరణం చివరా గొంతు ఏ అక్షరం మీద విరిగిందో కాగితం మీద రాసుకుని, వాద్యం లేకుండా మొత్తం పాడి పంపండి.