వెనక సీట్లో క్లిక్‌మన్నాకే తాళం తిప్పండి

మాది రాజమండ్రి. ఇరవై రెండేళ్లుగా కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఇంటర్ పరీక్షలు అయిపోయాక, పద్దెనిమిది నిండిన పిల్లలు ఎల్ఎల్ఆర్ పట్టుకుని వరసగా వస్తారు. మొదటి రోజే స్టీరింగ్ చేతికిస్తానని ఆశగా చూస్తారు. నేను ఇవ్వను. వెనక సీట్లో కూర్చోబెట్టి, "ముందు నీ బెల్టు వెతుక్కో నాన్నా" అంటాను. చాలామందికి అది ఎక్కడుందో తెలియదు. వెతికి, బయటికి లాగి, పెట్టుకునేసరికి ఐదు నిమిషాలు పడుతుంది. నా దగ్గర మొదటి క్లాసు అదే.

దీనికి కారణం మా మేనకోడలు. 2016 శ్రావణమాసంలో అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని మా అక్కావాళ్లు బయల్దేరితే నేనే కారు తీశాను. పక్కన బావ, వెనక మా అమ్మ, అక్క, మధ్యలో మేనకోడలు. దానికి అప్పుడు పదిహేనేళ్లు. జగ్గంపేట దాటాక డివైడర్ సందులోంచి గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కి పక్కకి కోసేసరికి కారు డివైడర్‌కి కొట్టుకుంది. స్పీడు అరవై లోపే. నాకూ బావకీ భుజం మీద బెల్టు ఒత్తిన ఎర్రచార తప్ప ఇంకేం కాలేదు. వాళ్ల నాన్నతో మాట్లాడుతూ ముందుకు వంగి కూర్చున్న పిల్ల మొహం సీటుకి గుద్దుకుంది. దవడ రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు దవడకి తీగ కట్టి ఉంచారు. పళ్ల సందులోంచి స్ట్రా పెట్టి రాగిజావ, కొబ్బరినీళ్లు తాగేది. ఏదైనా కావాలంటే పలక మీద రాసి చూపించేది.

అప్పటికే నేను పన్నెండేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నవాణ్ణి. నా బెల్టు పెట్టుకున్నాను, బావ చేత పెట్టించాను. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు. మా కారు వెనక బెల్టుల లాకులు సీటు కవరు కింద పడి ఉన్నాయని నాకు తెలుసు కూడా. ఆ తర్వాత నుంచే నా పాఠం వెనక సీటుతో మొదలవుతోంది. మీ ఇంట్లో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలుంటే మీరూ అక్కడే మొదలుపెట్టండి.

ముందు లాకులు బయటికి తీయండి

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. మీ అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని కారు దగ్గరికి వెళ్లండి. మన దగ్గర కొత్త కారు కొనగానే చేసే మొదటి పని సీటు కవర్లు వేయించడం. కవరు వేసే కుర్రాడు తొందరలో వెనక లాకుల్ని కిందికి తోసేస్తాడు. సీటు వీపు, కూర్చునే భాగం కలిసే చోట చెయ్యి పెట్టి తడమండి. ఎర్రబొత్తాం ఉన్న ప్లాస్టిక్ డబ్బీ తగులుతుంది, అదే లాకు. కవరుకి అక్కడ కంత లేకపోతే కవరు వేసిన చోటికే తీసుకెళ్లి కత్తిరించి కుట్టించండి. పావుగంట పని. కుట్టించడం కుదరకపోతే కవరే తీసేయండి.

లాకు దొరికాక బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. అంచులు పీచులు లేచాయా, ఎక్కడైనా కోసుకుపోయిందా చూడండి. మెలి పడి ఉంటే సరిచేయండి. ఇప్పుడు పిల్లల చేత ఒక పని చేయించండి. బెల్టుని మెల్లగా లాగమనండి, వస్తుంది. ఒక్కసారి గట్టిగా గుంజమనండి, బిగుసుకుపోతుంది. అది చూసినప్పుడు పిల్లల మొహాలు మారతాయి. బెల్టు పెట్టుకుంటే కదలడానికి ఉండదని అనుకునేవాళ్లకి, అది కావలసినప్పుడే పట్టుకుంటుందని చేతికే తెలుస్తుంది. గుంజినా బిగుసుకోకపోతే మాత్రం ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దు, మెకానిక్‌కి చూపించండి.

ఎలా పెట్టుకోవాలి

బెల్టు అంటే ఒక్క పట్టీ కాదు, రెండు. భుజం మీంచి వచ్చేది ఒకటి, ఒళ్లో అడ్డంగా ఉండేది ఒకటి. ఈ మూడు చోట్ల పట్టుకునే బెల్టుని 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. ఆ పేటెంటుని మిగతా కార్ల కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో వదిలేసింది. ఇవాళ మీ కారులో ఉన్నదీ ఆ పద్ధతిదే.

ఒడిలో పట్టీ పొట్ట మీద ఉండకూడదు. కిందికి లాగి, తుంటి ఎముకల మీద, తొడలకి ఆనుకుని ఉండేలా పెట్టుకోవాలి. ఎముక దెబ్బని ఓర్చుకుంటుంది, పేగులు ఓర్చుకోలేవు. పై పట్టీ మెడకీ భుజం చివరకీ మధ్యలోంచి వచ్చి రొమ్ము ఎముక మీదుగా దిగాలి. మెడకి రాసుకుంటోందని ఆడపిల్లలు, పొట్టిగా ఉన్న పిల్లలు దాన్ని చంక కిందికి దించుకుంటారు. అలా చేస్తే దెబ్బంతా పక్కటెముకల మీద పడుతుంది. ముందు సీటు పక్కన స్తంభం మీద బెల్టు ఎత్తు మార్చుకునే బొత్తాం చాలా కార్లలో ఉంటుంది. దాన్ని కిందికి దించితే మెడకి తగలదు. ఎత్తు ఇంకా సుమారు 145 సెంటీమీటర్లు లేని పిల్లలకి పెద్దల బెల్టు సరిగ్గా కుదరదు, బూస్టరు సీటు వేయాలి.

పెట్టుకున్నాక పై పట్టీని ఒకసారి పైకి గుంజి వదులు తీసేయాలి. సీటుని పడక కుర్చీలా వాల్చుకుని నిద్రపోతే బెల్టు పెట్టుకున్నా దండగే, ఒళ్లు దాని కిందనుంచి జారిపోతుంది. పాత కార్లలో వెనక మధ్య సీటుకి ఒడి పట్టీ ఒక్కటే ఉంటుంది. అదైనా పెట్టుకోవాలి. కానీ దారి పొడవునా మధ్యలో కూర్చోవలసింది ఎవరో ఆలోచించి కూర్చోబెట్టండి. మేం ఆ రోజు ఆలోచించలేదు.

పిల్లలు అనే మాటలు, నేను చెప్పే జవాబులు

"వెనక కూర్చుంటే ఏమవుతుంది?" అంటారు. నేను మాటలతో చెప్పను. ఊరి బయట ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, వెనక సీటు మీద పది కిలోల బియ్యం బస్తా పెట్టి, ముప్పై స్పీడులో ఒక్కసారి బ్రేకు తొక్కుతాను. బస్తా వచ్చి ముందు సీటుకి కొట్టుకుని కింద పడుతుంది. "నువ్వెన్ని కిలోలు?" అని అడుగుతాను. ఇది మీరూ చేయండి, కానీ రోడ్డు మీద వద్దు. వెనక బెల్టు పెట్టుకోనివాడు తనొక్కడే దెబ్బ తినడు. ముందు కూర్చున్న అమ్మ వీపు మీదో నాన్న వీపు మీదో పడతాడు.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర, టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారి కారు వంతెన గోడని ఢీకొంది. చాలా ఖరీదైన కారు. ముందు సీట్లలో ఉన్న ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. వెనక బెల్టు లేకుండా కూర్చున్న మిస్త్రీ గారు, ఆయన పక్కనున్నాయన చనిపోయారు.

"చేతులతో ఆపుకుంటాం" అనేది మగపిల్లల మాట. లెక్క చేసి చూపిస్తాను, ఈఏపీసెట్‌కి (పాత ఎంసెట్) చదివిన పిల్లలకి ఆ లెక్క వాళ్లదే. యాభై స్పీడులో ఉన్న మనిషి సెకనులో పదోవంతులో ఆగాలంటే, అరవై కిలోల ఒళ్లు ఎనిమిది వందల కిలోల పైచిలుకు బరువుతో ముందుకు తోస్తుంది. ఏ చేతులు ఆపుతాయి? ఇంకోలా చెప్పాలంటే, యాభై స్పీడులో గోడని గుద్దడం మూడంతస్తుల మేడ మీంచి పడటంతో సమానం. ఎనభై అయితే ఎనిమిదో అంతస్తు. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే తల్లులకీ ఇదే లెక్క చెబుతాను.

"ఎయిర్ బ్యాగులున్నాయి కదా మావయ్యా." ఉన్నాయి. అవి బెల్టుకి తోడుగా పెట్టినవి, బెల్టు బదులు కాదు. కన్ను మూసి తెరిచేలోపు గంటకి మూడు వందల కిలోమీటర్ల దరిదాపు వేగంతో బయటికొస్తాయి. బెల్టు లేనివాడు అప్పటికే ముందుకొచ్చి దానికి ఎదురు వెళతాడు. అందుకే స్టీరింగ్‌కీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. అందుకే డాష్‌బోర్డు మీద కాళ్లు పెట్టుకోకూడదు.

"కారు నాకు బాగా వచ్చు." ఈ మాట అన్నవాళ్లకి నందమూరి హరికృష్ణ గారి సంగతి చెబుతాను. తండ్రి చైతన్యరథాన్ని రాష్ట్రమంతా తిప్పిన మనిషి. ఆయనకన్నా డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఎందరున్నారు? 2018 ఆగస్టు 29 ఉదయం నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు పల్టీ కొడితే, బెల్టు లేని ఆయన బయటికి ఎగిరిపడ్డారు. కారులో ఉన్న మిగతా ఇద్దరూ బతికారు.

మా గోదావరి జిల్లాల పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న ఉంది, ఇది మాత్రం న్యాయమైన భయం. "కాలువలో పడితే బెల్టు తీసుకోలేక చచ్చిపోతాం కదా?" కాలువగట్టు రోడ్ల మీద పెరిగినవాళ్లకి ఆ భయం ఉంటుంది. కానీ కారు నీళ్లలో పడేముందు గట్టుకో చెట్టుకో కొట్టుకుంటుంది. అప్పుడు తల పగిలి స్పృహ తప్పితే బయటికి వచ్చేదెవరు? బెల్టు ఉంటే తెలివితో ఉంటారు. తీయడానికి ఒక్క బొత్తాం నొక్కితే చాలు. నేను పిల్లల చేత కళ్లు మూయించి, ఇరవై సార్లు తీసి పెట్టిస్తాను. చెయ్యి దానంతటదే వెళ్లేదాకా. నీళ్లలో పడితే చేయవలసిన వరస కూడా కంఠతా పట్టిస్తాను: బెల్టు తియ్యి, వెంటనే అద్దం దించు, పిల్లల్ని ముందు పంపు, నువ్వు బయటికి రా. తలుపు కోసం పెనుగులాడొద్దు, నీటి బరువుకి అది తెరుచుకోదు.

ఇంట్లో ఒక్కటే రూలు

భయపెడితే వారం రోజులు వింటారు. చలానా చెబితే పోలీసు కనపడే చౌరస్తాదాకా వింటారు. వెనక సీటు వాళ్లకి కూడా బెల్టు తప్పనిసరి అనీ, పెట్టుకోకపోతే 1000 రూపాయలు అనీ నేనూ చెబుతాను, కానీ అలవాటు దానివల్ల రావడం నేను చూడలేదు. వచ్చేది వరస వల్ల. తలుపులు మూసుకోగానే డ్రైవరు తాళం తిప్పకూడదు. వెనక ఎడమ, వెనక కుడి, మధ్య, ముందు, చివర తను. అన్ని క్లిక్కులూ వినపడాలి. ఒక్కటి తగ్గినా కారు కదలదు, అరవక్కర్లేదు, తిట్టక్కర్లేదు, ఊరికే కూర్చోండి. కూరగాయల మార్కెట్‌కైనా సరే, కల్యాణ మండపానికైనా సరే. పట్టుచీర నలుగుతుందని అమ్మమ్మ అన్నా సరే. నిజానికి అమ్మమ్మతోనే మొదలుపెట్టాలి. పెద్దవాళ్లని వదిలేసి పిల్లల్ని పట్టుకుంటే పిల్లలు లెక్కచేయరు.

పెళ్లిళ్లకి ఏడుగురి కారులో పదిమంది ఎక్కడం మనకి మామూలు. ఎన్ని బెల్టులుంటే అంతమందే. మిగతావాళ్లకి ఇంకో బండి మాట్లాడండి, లేదా బస్సెక్కించండి. సన్‌రూఫ్‌లోంచి తల పెట్టి నిలబడటం అసలు కూడదు.

బెల్టు పెట్టుకోలేదని కారు చేసే బీప్ శబ్దం రాకుండా లాకులో పెట్టే ఉత్తి క్లిప్పులు కొందరు కొంటున్నారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని ఆన్‌లైన్‌లో అమ్మకుండా ఆపింది, 13,118 లిస్టింగులు తీయించింది. మీ కారులో ఉంటే ఇవాళే విరిచి పారేయండి. బెల్టుని వీపు వెనక నుంచి లాకులో పెట్టి కూర్చోవడమూ అంతే.

స్నేహితుల కారెక్కినప్పుడు

తల్లిదండ్రులకి అసలు టెన్షన్ ఇక్కడే. మన కారులో బుద్ధిగా పెట్టుకున్న పిల్లాడు, పుట్టినరోజు రాత్రి నలుగురు ఫ్రెండ్సుతో వెళ్లేటప్పుడు సిగ్గుపడతాడు. "పెట్టుకో" అని ఎవరూ అనరు, పెట్టుకున్నవాణ్ణి ఏడిపిస్తారు. నేను నా దగ్గర నేర్చుకున్నవాళ్లకి ఒక చిన్న సలహా ఇస్తాను. ఎక్కగానే ఎవరూ మాట్లాడకముందే, మొదట నీ బెల్టు లాగు. పక్కవాడికి వాడి లాకు వెతికి చేతికివ్వు. చేతికిచ్చినదాన్ని పెట్టుకోనివాళ్లని నేను తక్కువ చూశాను. "పెట్టుకోరా" అని చెప్పడం కన్నా ఇది పనిచేస్తుంది.

నడిపేది పద్దెనిమిది నిండనివాడైతే ఎక్కొద్దు, దిగిపోయి ఫోన్ చెయ్యమనండి. ఎన్ని గంటలకైనా, ఎక్కడున్నా, తిట్లు లేకుండా వచ్చి తీసుకెళతామని ముందే మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి. అర్ధరాత్రి మీరు వెళ్లి కారులో అరిస్తే రెండోసారి ఫోన్ రాదు.

మీ పదహారేళ్ల అబ్బాయికి తాళాలిచ్చే ఆలోచన మీకే ఉంటే: మైనరు నడిపి నేరం జరిగితే చట్టం తల్లిదండ్రుల్ని, బండి ఓనరుని పట్టుకుంటుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి ఇరవై ఐదేళ్లదాకా లైసెన్సు రాదు.

నెలకోసారి

బెల్టుకి దుమ్ము, చెమట పడితే మెల్లగా లోపలికి వెళ్తుంది, పిల్లలకి అదే సాకు. చివరిదాకా లాగి, బట్టలకి వాడే మామూలు సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, లాగిన బెల్టుని అలాగే పట్టి ఉంచి నీడన ఆరనివ్వండి. బ్లీచింగ్ వాడొద్దు, దారాలు బలహీనపడతాయి. లాకులో నాణేలు, వేరుశనగ పొట్టు ఇరుక్కున్నాయేమో చూడండి. వెనక అద్దం కింద పెట్టిన కొబ్బరికాయలు, స్టీలు నీళ్ల సీసాలు డిక్కీలో సర్దండి. బ్రేకు పడితే అవీ బియ్యం బస్తాలాగే వస్తాయి.

కారుకి గట్టి దెబ్బ తగిలితే, చూడ్డానికి బాగానే ఉన్నా ఆ బెల్టుల్ని మార్పించాలి. ఒకసారి మనిషి బరువుని ఆపిన బెల్టు లోపల సాగిపోయి ఉంటుంది. జగ్గంపేట దెబ్బ తర్వాత మా కారు ముందు బెల్టులు రెండూ మార్పించాను. వెనకవి మార్చాల్సిన పని పడలేదు, వాటిని ఎవరూ వాడలేదు కాబట్టి. వాటికి కవరు కంత కోయించాను.