తెల్లన్నం మానకుండానే ఆకలి ఆగాలంటే

తెల్లన్నం తిన్న రెండు గంటలకే మళ్ళీ ఆకలి. పోనీ బ్రౌన్ రైస్‌కి మారదామంటే ఖర్చెక్కువ, ఉడకడానికీ చాలాసేపు పడుతుంది. అందుకని బియ్యం మార్చకుండా అందులో కొంత పప్పు కలుపుతున్నాను.

కొలత సులువే: ఒకటిన్నర గ్లాసుల బియ్యానికి అర గ్లాసు పొట్టు తీయని మసూర్. మసూర్‌ని అరగంట ముందే నానబెట్టాలి, ఈ ఒక్కటీ మర్చిపోవద్దు. నానిన నీళ్ళు పారబోసి, కడిగిన బియ్యంతో కలిపి, నాలుగు గ్లాసుల నీళ్ళు, కాస్త ఉప్పు వేసి కుక్కర్లో మూడు విజిల్స్ రానివ్వాలి. ఆవిరి దానంతటదే పోయాక మూత తీసి ఒక గింజను వేళ్ళతో నొక్కితే మెత్తగా నలగాలి. అన్నం కాస్త గోధుమరంగులోకి వస్తుంది, రుచి పెద్దగా మారదు. పీచు, ప్రోటీన్ పెరుగుతాయి కాబట్టి కడుపు నిండుగా ఉంటుంది. అలాగని షుగర్ ఉన్నవాళ్ళు రెండింతలు వడ్డించుకోకూడదు, ఇదీ అన్నమే.

రాజ్మా, శనగలతో మాత్రం ఇలా చేయకండి. అన్నం ముద్దయినా అవి ఉడకవు. పైగా రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. వాటిని రాత్రంతా నానబెట్టి, విడిగా బాగా ఉడికించాల్సిందే. పొట్టు పెసలకైతే ఇదే కొలత, కానీ రెండు మూడు గంటలు నాననివ్వండి.