పండగ కబడ్డీకి ముందు: వాచిన చోట రుద్దనివ్వకండి

మొన్న మంగళవారం కోనసీమలో రాజోలు పక్క ఊరి నుంచి ఒకావిడ పదిహేనేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. కార్తీకమాసంలో కబడ్డీ ప్రాక్టీసులో మోచెయ్యి మీద పడ్డాడు. "బెణికిందంతే" అని ఎవరో అంటే ఎక్స్‌రే తీయించలేదు. రోజూ రెండు పూటలా నూనె రాసి రుద్దించారు, లాగించారు, వంచించారు. ఆరు వారాలు తిరిగేసరికి చెయ్యి సగంలో బిగుసుకుపోయింది. అన్నం ముద్ద నోటిదాకా రావట్లేదు. ఇప్పుడు ఎక్స్‌రే తీస్తే మోచేతి ముందు కండలో తెల్లగా కనబడింది. ఎముక! కండలో ఎముక పెరిగింది. పడిన దెబ్బ కంటే రుద్దుడే ఎక్కువ చెరిచింది.

ఫిజియోథెరపీ చేసే నేను కూడా ఆ చేతిని గట్టిగా వంచడానికి లేదు. వంచితే ఇంకా చెడుతుంది. నెలలు ఆగాలి, ఆపరేషన్ కావాలో వద్దో ఆ తర్వాత డాక్టరు చెబుతారు. ఆ తల్లికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

కోతలైపోయాయి, సంక్రాంతి కబడ్డీకి ఊరూరా కోర్టులు గీస్తున్నారు. నీళ్ళు తాగండి, బాగా తినండి లాంటివి నేను చెప్పను. అన్నిటికంటే ముందు ఒక్కటి చెబుతాను: వాచిన చోట రుద్దనివ్వకండి.

దెబ్బ తగిలినప్పుడు లోపల సన్నటి రక్తనాళాలు తెగుతాయి. రుద్దితే ఆ రక్తం ఆగకుండా కారుతుంది, వాపు రెట్టింపవుతుంది. ఎముక చిట్లి ఉంటే పక్కకి జరుగుతుంది. పిల్లల్లో ఇంకో చిక్కుంది. వాళ్ళ ఎముక చివర పెరిగే భాగం లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) కంటే మెత్తన, అందుకే పెద్దవాళ్ళకి బెణుకయ్యే దెబ్బకి పిల్లలకి ఎముకే విరగొచ్చు. చేయి తిరిగిన వస్తాదు కావచ్చు, ఎముకలూ కీళ్ళూ చేత్తో సరిచేస్తానని ఆస్టియోపతి బోర్డు పెట్టినాయన కావచ్చు, మా ఫిజియోథెరపీ వాళ్ళే కావచ్చు, మొదటి మూడు రోజులూ ఎవరూ రుద్దకూడదు. రెండో రోజే వేడి మెషీను పెట్టేవాళ్ళు మాలోనూ ఉన్నారు, వద్దని చెప్పండి.

మరేం చెయ్యాలి? ఆట ఆపించి, కాలైతే దిండ్ల మీద ఎత్తుగా పెట్టండి. ఐసు తడిగుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచి తీసెయ్యండి. రొయ్యలకి ఐసు దొరికే ఊళ్ళు మనవి, దానికి కొదవ లేదు. చెయ్యైతే ఏ వంపులో ఉందో ఆ వంపులోనే తువ్వాలుతో మెడకి వేలాడదీయండి. చీలమండ దెబ్బకి నాలుగు అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తప్పదు.

ఇక కోర్టు సంగతి. కోసిన చేలో నల్లమట్టి ఎండి నెర్రెలిస్తుంది. కూతకెళ్ళినవాడి పాదం ఆ నెర్రెలో ఇరుక్కుని ఒళ్ళు తిరిగిందంటే మోకాలు పోయినట్టే. నెర్రెలు పూడ్చి, తడిపి, చదును చెయ్యండి. వరి కొయ్యకాళ్ళు మొదలంటా తీసెయ్యండి. ఇంకో తంటా, మ్యాచులు అర్ధరాత్రి దాటాక గానీ రావు. సాయంత్రం చేసిన వార్మప్ మంచులో కూర్చునేసరికి చల్లారిపోతుంది. పేరు పిలవడానికి పది నిమిషాల ముందు మళ్ళీ చెయ్యాలి.

మోకాల్లో టప్‌మని వినబడి రెండు గంటల్లో వాచిందా? లిగమెంట్ తెగిందనే అనుకోండి. మూడు వారాలకి నొప్పి తగ్గుతుంది, కుర్రాడు మళ్ళీ దిగుతాడు, మోకాలు మళ్ళీ మడతపడుతుంది, ఈసారి లోపలి గుజ్జు కూడా చిరుగుతుంది. డాక్టరు చూసేదాకా దిగనివ్వకండి.

నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని ఆడకండి. నొప్పి తెలియదు గానీ దెబ్బ అక్కడే ఉంటుంది.

దెబ్బ తగిలిన రోజు మద్యం తాగకండి. కాపడం పెట్టకండి.

గూడ జారితే గ్రౌండులో లాగించకండి. నరం తెగితే చెయ్యి లేవదు.

కట్టు కట్టాక వేళ్ళు చల్లబడినా, నీలమైనా, తిమ్మిరెక్కినా, వేళ్ళు చాపితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా అర్ధరాత్రైనా సరే కట్టు విప్పెయ్యండి. రక్తం అందకపోతే ఆరు గంటల్లో కండ చావడం మొదలవుతుంది. "పొద్దున్నే చూద్దాం" అనకండి.

సెలూన్లో మెడ విరిపించుకోకండి.

డెబ్భై అయిదు కిలోల బస్తా ఎత్తి నడుం పట్టేసిందా? మంచమెక్కి పడుకోకండి, మెల్లగా తిరగండి. కానీ మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రాత్రే ఆసుపత్రికి.

కొబ్బరి దింపుకెక్కి చెట్టు మీంచి పడినవాణ్ణి చేతులు, కాళ్ళు పట్టి లేపకండి. తలుపు చెక్క మీదకి నలుగురూ కలిసి తల, నడుం కదలకుండా జరపండి.

భోగి రాత్రి ఎక్స్‌రే సెంటర్లు మూసేశారని తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో క్యాజువాలిటీ పండగ రోజు కూడా తెరిచే ఉంటుంది. బండి వచ్చేలోగా ఎవరో ఒకాయన నూనె సీసా పట్టుకుని వస్తాడు, పెద్దాయనైనా సరే, దణ్ణం పెట్టి పంపించెయ్యండి.