మడవని చిన్న కత్తి: ఏ పనికి ఎలా వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఇది మడత కత్తి గురించి కాదు. బ్లేడు పిడికి కదలకుండా బిగించి ఉండి, ఒరలో పెట్టుకునే చిన్న కత్తి గురించి. బ్లేడు 7 నుంచి 10 సెంటీమీటర్లు, మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అంతకన్నా పెద్దది చూడ్డానికి బాగుంటుంది గానీ రోజూ చేసే పనుల్లో అడ్డమే, ఎందుకంటే మనం కోసేవి చాలామటుకు మొన దగ్గర ఉన్న కాస్త అంచుతోనే అయిపోతాయి. మడత కత్తికి ఉన్నట్టు కీలు లేదు కాబట్టి పని మధ్యలో వేళ్ళ మీదికి మూసుకుపోతుందనే భయం లేదు, సందుల్లో జిగురూ మట్టీ ఇరుక్కోవు, కుళాయి కింద కడిగి తుడిస్తే సరి. కొనేటప్పుడు బ్లేడు ఇనుము పిడి చివరిదాకా వెళ్ళిందా లేదా అన్నది మాత్రం చూసుకోండి.

ఎక్కువసార్లు కత్తి తీసేది అట్టపెట్టెలు విప్పడానికే. అందరూ చేసే పొరపాటు మొనని నిలువుగా దించేయడం. అప్పుడు టేపుతో పాటు లోపలున్న బట్టో పుస్తకమో కూడా తెగుతుంది. కత్తిని దాదాపు పడుకోబెట్టి పట్టుకోండి, మొన మూడు నాలుగు మిల్లీమీటర్ల కంటే లోపలికి పోకూడదు, పెట్టె మూత అట్టలు రెండూ కలిసే గీత వెంట మెల్లగా లాగండి. ముందు రెండు చివర్ల టేపు తెంపి తర్వాత మధ్య గీత కోస్తే పెట్టె దానంతటదే విచ్చుకుంటుంది. పెట్టెని ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి కత్తి వచ్చే దారిలో ఉండకూడదు, ఇది చెప్పక్కర్లేని మాటే గానీ వేళ్ళు తెగేది సరిగ్గా ఇక్కడే. ఖాళీ పెట్టెల్ని ముక్కలు చేసి పడేయాలంటే మాత్రం ఈ కత్తి వద్దు, బ్లేడు మార్చుకునే కట్టర్ వాడండి. అట్ట మెత్తగా కనిపిస్తుంది గానీ పదును తినేయడంలో దాన్ని మించింది లేదు, నాలుగైదు పెద్ద పెట్టెలు కోస్తే మంచి కత్తి కూడా మొద్దుబారుతుంది.

పెట్టెల చుట్టూ బిగించే ప్లాస్టిక్ పట్టీల్లో ఒక టెన్షన్ ఉంటుంది, తెంపగానే చివరలు ఎగిరి మొహానికి కొడతాయి. తల పక్కకు తిప్పుకుని, పట్టీ మీద ఒక చెయ్యి ఆనించి, ఆ చేతికి దూరంగా తెంపండి. ఇనుప పట్టీ అయితే కత్తి ముట్టుకోనేకూడదు, దానికి రేకులు కోసే కత్తెర కావాలి. ఇక జిప్ టై, అంటే వైర్లని కట్టగా బిగించే సన్నటి ప్లాస్టిక్ పట్టీ: వైర్లకూ టైకీ మధ్య మొనని సన్నగా దూర్చి, అంచు వైర్ల వైపు కాకుండా బయటికి ఉండేలా పెట్టి, కొద్దిగా మెలితిప్పితే తెగిపోతుంది. కొత్తగా బిగించిన టైకి మిగిలిన తోక తీసేటప్పుడు టై తలకి, అంటే తోకని దూర్చే గడికి ఆనించి సమంగా కోయండి. ఏటవాలుగా వదిలేస్తే ఆ మిగిలిన ముక్క తర్వాత ఎవరి చేతినో గీరుతుంది.

తాడు గాల్లో పట్టుకుని కోస్తే ఒక్కో పోగే తెగుతుంది, చికాకు. చెక్క ముక్క మీద పెట్టి, అంచుని తాడు మీద ఆనించి, నొక్కుతూ ముందుకీ వెనక్కీ ఊపితే నీటుగా తెగుతుంది. నైలాన్ తాడయితే కోయబోయే చోట ముందే టేపు చుట్టి ఆ టేపు మధ్యలోంచి కోయండి, చివరలు విడిపోవు, తర్వాత లైటర్‌తో కాస్త వేడి చూపిస్తే పోగులు కరిగి అతుక్కుంటాయి. నూలు, జనపనార తాళ్ళు కరగవు, కాలిపోతాయి, వాటి చివరలకు దారం గట్టిగా చుట్టడమే మార్గం. మెషిన్‌తో కుట్టిన బస్తా మూతిని కోసి పాడు చేయడం కూడా నాకు నచ్చదు. ఆ కుట్టు గొలుసు కుట్టు. ఒక చివర ముడి దగ్గర దారం తెంపి లాగితే బస్తా మూతి మొత్తం సర్రున ఊడివస్తుంది, రాకపోతే రెండో చివర నుంచి ప్రయత్నించండి, బస్తా మళ్ళీ పనికొస్తుంది.

వైరు పైతొడుగు తీయడం కూడా దీంతో అవుతుంది, కరెంటు తీసేసిన వైరు అయితేనే. వైరుని బ్లేడు మీద పెట్టి చుట్టూ పైపైన ఒక గీత పడేలా తిప్పండి, లోపలి రాగి దాకా వెళ్ళకూడదు. తర్వాత గీత దగ్గర అటూ ఇటూ వంచితే తొడుగు అక్కడే విరుగుతుంది, వేళ్ళతో లాగేయండి. రాగి తీగల మీద గాటు పడితే ఆ చోట వైరు బలహీనపడి కొన్నాళ్ళకి విరిగిపోతుంది, కాబట్టి గాటు కనిపిస్తే ఆ ముక్క తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి.

లేబుళ్ళు, ఎండిన జిగురు, కారిన మైనం లాంటివి గీకడానికి అంచు వాడకండి. కత్తి వెన్ను, అంటే అంచుకి ఎదురుగా ఉండే పదును లేని వైపు, ఉంది కదా. దాని మూలలు పదునుగా ఉంటే చక్కగా గీకుతుంది, పదును కూడా మిగులుతుంది. బ్లేడుకి అంటుకున్న టేపు జిగురుని కాస్త వంటనూనె పూసిన గుడ్డతో రుద్దితే పోతుంది. తోటపనిలో మొక్కలకి కట్టిన దారాలు తెంపడం, ఎండిన సన్న కొమ్మలు తీయడం, కర్ర చివర చెక్కి పాతడం, వీటన్నిటికీ సరిపోతుంది. చెక్కేటప్పుడు కత్తి ఎప్పుడూ మీ ఒంటికి దూరంగా పోవాలి, కూర్చుని చెక్కుతుంటే కర్రని తొడల మధ్య కాకుండా మోకాలి బయటి పక్కకు పెట్టండి, ఎందుకంటే తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. క్యాంపులో మంట రాజేయాలంటే ఎండిన పుల్లని చివర ఊడకుండా పల్చగా, పొడవుగా పొరలు పొరలుగా చెక్కండి, ఆ చుట్టలు అగ్గిపుల్లకే అంటుకుంటాయి. నేల తడిగా ఉన్న రోజు కాస్త లావు కర్ర లోపలి భాగం పొడిగా ఉంటుంది కాబట్టి దాన్ని చీల్చి లోపలి చెక్క వాడాలి.

పండు కోయడానికి కూడా ఇదే వాడొచ్చు, కడిగి వాడితే. కార్బన్ స్టీలు బ్లేడు పుల్లటి పండ్లతో నల్లగా మచ్చ పడుతుంది, ప్రమాదమేం లేదు, వెంటనే కడిగి తుడవండి. తడిగా ఒరలో పెడితే మాత్రం తుప్పు ఖాయం. స్టెయిన్‌లెస్‌కి ఈ గొడవ తక్కువ, అసలు పట్టదని కాదు. తిండికీ జిగురు పనులకీ ఒకే కత్తి వాడటం ఎలాగూ బాగుండదు, కుదిరితే రెండు పెట్టుకోండి.

ఇప్పుడు వద్దనేవి. స్క్రూ తిప్పడం, డబ్బా మూత ఎత్తడం, మేకు పెకలించడం, ఇవన్నీ కత్తిని వంచే పనులు, మొన టక్కున విరిగి ఎటో ఎగురుతుంది. కత్తి కోయడానికి తప్ప ఎత్తడానికి కాదు, ఎవరైనా అడిగితే స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టండి. కారులో ఇరుక్కున్న సీటు బెల్ట్ తెంపడానికి పనికొస్తుందని కూడా చెబుతుంటారు, నాకైతే మొన ఉన్న కత్తిని కంగారులో మనిషి ఒంటి దగ్గరికి తీసుకెళ్ళడం మంచి ఆలోచన అనిపించదు, దానికి మొన లేని ప్రత్యేకమైన కట్టర్లు దొరుకుతాయి, బండిలో అది పెట్టుకోండి. కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోకండి, కాళ్ళు వెనక్కి లాక్కుని కింద పడనివ్వండి.

పదును లేని కత్తే ఎక్కువ ప్రమాదం, బలం పెట్టి నొక్కాల్సి వస్తుంది, జారుతుంది. 1000 గ్రిట్ (గ్రిట్ అంటే రాయి గరుకుదనం లెక్క) సానరాయి ఒకటి చాలు. ఒక్కో వైపు 20 డిగ్రీలు అటూ ఇటూగా పెట్టాలంటారు, అది కంటితో ఎలా కొలవాలి అంటే, కాగితం మూల తీసుకోండి, అది 90 డిగ్రీలు, ఒకసారి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22.5. ఆ మడత ముక్కని రాయి మీద నిలబెట్టి బ్లేడు దాని వాలుకి ఆనించి చూసుకుంటే చేతికి కోణం తెలిసిపోతుంది. ఒక వైపు రుద్దుతూ ఉండగా రెండో వైపు అంచున సన్నగా గరుకు తేలుతుంది, వేలిని వెన్ను నుంచి అంచు దాటించి బయటికి జారిస్తే తగులుతుంది (అంచు వెంట జార్చకండి). అది పొడవునా తగిలాకే రెండో వైపు మొదలుపెట్టాలి, చాలామంది అది రాకముందే తిప్పేసి రాయి బాలేదంటారు. చివర్లో తోలు బెల్టు మీద అంచు వెనక ఉండేలా లాగండి, కాగితం జారుగా తెగితే చాలు.

తోలు ఒరలో కత్తిని నెలల తరబడి ఉంచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది, సన్నగా నూనె రాసి విడిగా పెట్టుకోండి. ఒర నుంచి తీసేటప్పుడు అంచు వైపున వేళ్ళు పెట్టి ఒరని పట్టుకోవద్దు, పాతబడిన తోలుని కత్తి కోసుకుని బయటికి వచ్చేయగలదు. పిల్లలకి అందని చోట పెట్టండి. బయటికి తీసుకెళ్ళే ముందు ఎంత పొడవు కత్తి దగ్గర ఉంచుకోవచ్చో అక్కడి చట్టం చూసుకోండి, విమానంలో వెళ్తుంటే చేతి సంచిలో అస్సలు వద్దు, ఒరలో పెట్టి, చుట్టూ గుడ్డ కట్టి, చెక్-ఇన్ సామానులో వేయండి.