కుర్ర ఫార్వర్డ్ కెరీర్‌ని నోట్‌బుక్కులో చదవడం ఎట్లా?

2017 అక్టోబర్ 28న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఇంగ్లండ్ అండర్-17 జట్టు స్పెయిన్‌ను 5-2తో ఓడించి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఎత్తుకుంది. ఆ టోర్నీలో 8 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్న పోరడు ఫార్వర్డ్, అంటే ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టే ఆటగాడు, రియాన్ బ్రూస్టర్. క్వార్టర్ ఫైనల్లో అమెరికా మీద హ్యాట్రిక్, సెమీఫైనల్లో బ్రెజిల్ మీద ఇంకో హ్యాట్రిక్. అదే ఆటగాడు 2020-21 సీజన్‌లో షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్బుకు ఇంగ్లండ్ పై స్థాయి పోటీ ప్రీమియర్ లీగ్‌లో 27 మ్యాచ్‌లాడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. హనుమకొండలో టీ కొట్టు కాడ ఈ రెండు ముక్కలూ చెప్తే చాలు, ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో తెలియాలంటే గోల్స్ గడి కంటే ముందు ఇంకో నాలుగైదు గడులు నింపాలి. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్కు, స్కేలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే సరిపోతుంది.

ఒక్కో ఆటగాడికి రెండు పేజీలు ఇవ్వండి, ఒక్కో సీజన్‌కు ఒక వరస. నోట్‌బుక్కును అడ్డంగా తిప్పి ఎడమ నుంచి ఈ గడులు గీయండి: సీజన్, ఆగస్టు 1 నాటికి వయసు, క్లబ్బు, లీగ్ స్థాయి, మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు, సబ్‌గా (మధ్యలో ఇంకొకరి బదులు) దిగిన మ్యాచ్‌లు, మొత్తం నిమిషాలు, గోల్స్, వాటిలో పెనాల్టీలు, జట్టు మొత్తం కొట్టిన గోల్స్. చివర్లో గాయాల కోసం ఒక వెడల్పు గడి వదలండి. సీజన్ మధ్యలో క్లబ్బు మారితే వరస కూడా మార్చాలి, రెండింటినీ కలిపి రాయొద్దు. గోల్స్ గడిని అన్నిటికన్నా ఆఖర్న నింపండి. అది ముందే నిండితే కన్ను అక్కడే ఆగిపోతుంది, మిగతావి ఉత్త లాంఛనమైపోతాయి.

ముందు నిమిషాలు. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు, అంటే 3,420 నిమిషాలు. దాని కింది మూడు డివిజన్లలో, అంటే ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో 46 మ్యాచ్‌లు, 4,140 నిమిషాలు. 20 ఏళ్ల లోపు ఫార్వర్డ్‌కు 1,500 నిమిషాలు దాటాయంటే కోచ్ నమ్మి ఆడిస్తున్నట్టే. 900 లోపు ఉంటే ఆ వరసలో ఏ సగటూ తీయకండి, పెన్సిల్‌తో రాసి వదిలేయండి.

90 నిమిషాలకు ఎన్ని గోల్స్ అనే సగటు తీయడం సులువే. గోల్స్‌లోంచి పెనాల్టీలు తీసేసి, మిగిలిన దాన్ని 90తో గుణించి, నిమిషాలతో భాగించాలి. 2,700 నిమిషాల్లో 12 గోల్స్, అందులో 3 పెనాల్టీలు అనుకోండి: 9 ఇంటూ 90 బై 2,700, అంటే 0.30. ఇంకొకడు 600 నిమిషాల్లో 4 కొట్టాడు, పెనాల్టీలు లేవు: 0.60. రెండోవాడు డబుల్ మొనగాడిలా కనిపిస్తాడు. కానీ ఇంకో 600 నిమిషాలు గోల్ లేకుండా పోతే వాడూ 0.30కే దిగుతాడు. 900 నిమిషాల హద్దు పెట్టుకోమన్నది ఇందుకే. పెద్ద లీగ్‌లో పెనాల్టీలు కాకుండా 0.50 దాటినవాడు మంచి స్ట్రైకర్ల కోవలోకి వస్తాడు. 20 ఏళ్ల కుర్రాడు 0.30 చూపిస్తే తక్కువేం కాదు.

పెనాల్టీలు ఎందుకు తీసేయాలో కోల్ పామర్ లెక్కతో తెలుస్తుంది. 2023-24లో చెల్సీకి ప్రీమియర్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు, అందులో 9 పెనాల్టీలు. మిగిలిన 13 కూడా ఆ వయసులో గొప్పే. కాకపోతే ఆటలోంచి వచ్చిన గోల్ ఆటగాడితోపాటు ఏ క్లబ్బుకైనా పోతుంది, పెనాల్టీ కొట్టే హక్కు మాత్రం కొత్త క్లబ్బులో వేరొకరి చేతిలో ఉండొచ్చు.

మొదటి నుంచి ఆడినవి, సబ్‌గా దిగినవి విడివిడిగా రాయకపోతే మోసపోతాం. గెలుస్తున్న జట్టులో 70వ నిమిషంలో దిగే ఫార్వర్డ్‌కు అలసిపోయిన డిఫెండర్లు, వెనకాల ఖాళీ మైదానం దొరుకుతాయి, సగటు ఉబ్బిపోతుంది. ఓడిపోతున్న జట్టులో దిగేవాడికి బంతే అందదు. రెండూ ‘సబ్’ అనే ఒక్క మాట కిందకే వస్తాయి. అందుకని సబ్ గడిలో అంకె పక్కన, దిగేటప్పుడు జట్టు ముందుందా వెనకుందా అని ఒక గుర్తు పెట్టండి.

ఇప్పుడు బ్రూస్టర్ పేజీ తెరవండి. కోల్‌కతా తర్వాత మూడు నెలలకే, 2018 జనవరిలో, లివర్‌పూల్ అండర్-23 మ్యాచ్‌లో గాయపడి ఏడాదికి పైగా ఆటకు దూరమయ్యాడు. గోల్స్ గడి మాత్రమే చూసేవాడికి ఆ వరస ఖాళీగా కనిపిస్తుంది. గాయాల గడి ఉన్నవాడికి, 17 నుంచి 19 ఏళ్ల మధ్య పెద్దవాళ్ల ఫుట్‌బాల్ నేర్చుకోవాల్సిన కాలం పోయిందని తెలుస్తుంది. 2019లో మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ నాడు లివర్‌పూల్ బెంచీ మీద కూర్చున్నాడు, దిగలేదు. మెడల్ వచ్చింది, నిమిషాల గడిలో సున్నా. సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో, లీగ్ కప్‌లో.

2020 జనవరిలో లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువుగా, స్వాన్సీ క్లబ్బుకు పోయాడు. ఛాంపియన్‌షిప్‌లో 20 లీగ్ మ్యాచ్‌ల్లో 10 గోల్స్, జట్టు పై లీగ్‌కు ఎక్కేందుకు ఆడే ప్లేఆఫ్స్‌కు చేరింది. అదే ఏడాది అక్టోబర్‌లో అతన్ని షెఫీల్డ్ యునైటెడ్ కొనుక్కుంది. ఆ సీజన్‌లో ఆ జట్టు మొత్తం 38 మ్యాచ్‌ల్లో కొట్టింది 20 గోల్స్, పట్టికలో అట్టడుగు. ‘జట్టు మొత్తం గోల్స్’ గడి లేకపోతే 27 మ్యాచ్‌ల్లో సున్నా అన్నది అతని ఒక్కడి తప్పులాగే ఉంటుంది. ఆ గడి నింపాక సున్నా సున్నాగానే ఉంటుంది, కానీ మైదానంలో ఎన్ని అవకాశాలు పుట్టాయో కూడా తెలుస్తుంది. అవకాశాల నాణ్యతను కొలిచి, వాటికి మామూలుగా ఎన్ని గోల్స్ రావాలో చెప్పే ఎక్స్‌జీ అంకె దొరికితే ఇంకా మంచిది. ఎక్స్‌జీ 6 ఉండి గోల్స్ 2 ఉంటే గురి దగ్గర లోపం, లేదంటే దురదృష్టం. ఎక్స్‌జీయే 1.5 దాటకపోతే బంతి అందడం లేదు, లేదా ఆటగాడు సరైన చోట నిలబడటం లేదు. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు.

స్థాయి మారినప్పుడు వరస కింద ఎర్ర గీత కొట్టండి. లియామ్ డెలాప్ 2020-21లో మాంచెస్టర్ సిటీ తరఫున ప్రీమియర్ లీగ్ 2లో 24 గోల్స్ కొట్టాడు. అది వయసు గ్రూపు లీగ్. 2022-23లో స్టోక్‌కు లోన్, అది జనవరిలోనే తెగి ప్రెస్టన్‌కు మారాడు. రెండు చోట్లా కలిపి గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2023-24లో హల్‌లో లీగ్‌లో 8. 2024-25లో ఇప్స్‌విచ్‌కు ప్రీమియర్ లీగ్‌లోనే 12, అదీ కిందికి దిగిపోయిన జట్టులో. ఆ తర్వాత చెల్సీ తీసుకుంది. 24 నుంచి ఒక్కసారి పడి, మళ్లీ మెల్లగా ఎక్కే ఈ గీత చాలామంది ఫార్వర్డ్‌ల పేజీల్లో కనిపిస్తుంది. కుర్రాళ్లతో ఆడినప్పుడు భుజబలంతో గెలిచిన బంతులు 28 ఏళ్ల సెంటర్ బ్యాక్ (నడిమి డిఫెండర్) దగ్గర గెలవడం కుదరదు. హ్యారీ కేన్ కూడా 2011 నుంచి 2013 దాకా లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నారిచ్, లెస్టర్ అని నాలుగు లోన్లు తిరిగాడు. లెస్టర్‌లో 13 లీగ్ మ్యాచ్‌ల్లో 2 గోల్స్. 2014-15లో టాటెన్‌హమ్‌కు లీగ్‌లో 21.

లోన్ల వరసలు చదివేటప్పుడు ఒక సంగతి మరవొద్దు. ప్రీమియర్ లీగ్ లోపల లోన్ మీద పోయినవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు, కాబట్టి ఆ రెండు మ్యాచ్‌లకు బయట కూర్చుంటే పక్కన పెట్టారని రాసేయకండి.

టీవీలో చూసి రాసేవాళ్లకు టైముల గొడవ ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు రాత్రి 7:30కి. అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా 8:30కి. మధ్యవారం రాత్రి 7:45 మ్యాచ్ అయితే మనకు 12:15 లేదా 1:15. తెల్లారి డ్యూటీ ఉన్నవాళ్లు మొత్తం చూడాల్సిన పని లేదు. మొదటి 15 నిమిషాలు, రెండో సగంలో మొదటి 15 నిమిషాలు చాలు, కానీ ఆ అరగంటా బంతిని వదిలేసి ఫార్వర్డ్‌నే చూడాలి. కెమెరా బంతి వెంట పోతుంది, కాబట్టి అతను తెరమీద ఉన్నప్పుడే రాసుకోండి. బంతి వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచున, ఉన్నప్పుడు తల తిప్పి డిఫెండర్ ఎక్కడున్నాడో చూశాడా? అక్కడి నుంచి గోల్ ముందుకు క్రాస్ వచ్చే ముందు దగ్గరి పోస్టు వైపు రెండడుగులు వేసి, డిఫెండర్ కదలగానే వాడి భుజం వెనక్కి జారుకున్నాడా? ఆ జారడం ఒకటిన్నర సెకండ్ పని. గోల్ రాకపోయినా మ్యాచ్‌కు నాలుగైదు సార్లు అది కనిపిస్తే, ఆ పేజీని మూసేయకండి.

ఇదే పద్ధతి మన పిల్లలకూ పనికొస్తుంది. కాజీపేట రైల్వే గ్రౌండ్‌లోనో, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో ఆడే అండర్-15 ఫార్వర్డ్‌కు సీజన్ బదులు నెలకొక వరస పెట్టండి. స్కూల్ మ్యాచ్ 50 నిమిషాలైతే 90తో కాకుండా 50తో గుణించాలి, లేకపోతే అంకెలు ఉబ్బి తల్లిదండ్రులు ఊరికే మురిసిపోతారు.

షాట్లు ఎక్కడి నుంచి కొట్టాడో కూడా గుర్తు పెట్టాలి. మన దగ్గర గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ గీతలు చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. గోల్ లైన్ నుంచి 16.5 మీటర్లు కొలవండి, 75 సెంటీమీటర్ల అంగ అయితే సరిగ్గా 22 అంగలు. పెనాల్టీ చుక్క 11 మీటర్ల దగ్గర. గీతలకు ముగ్గు పిండి వాడండి. సున్నం వద్దు, పడ్డప్పుడు కంట్లో పడితే కాల్చేస్తుంది. పేజీలో బాక్స్ బొమ్మ గీసి గోల్‌కు నిండు చుక్క, కీపర్ ఆపినదానికి గుండ్రం, బయటికి పోయినదానికి ఇంటూ పెట్టండి. బాక్స్ బయటి నుంచి కొట్టినవి పెద్దవాళ్ల ఆటలోనే నూటికి మూడు నాలుగు లోపలికి పోతాయి. పిల్లగాడి ఇంటూలు సగం బయటే ఉంటే వాడికి ముందు నేర్పాల్సింది ఎప్పుడు కొట్టకూడదో.

దానికి ఒక సాధన. ఒకరు గోల్ లైన్ దగ్గర నిలబడి బంతిని నేలమీద వెనక్కి పొర్లించాలి. ఫార్వర్డ్ పెనాల్టీ చుక్క దగ్గర నుంచి దగ్గరి పోస్టు వైపు రెండడుగులు వేసి, వెనక్కి జారి, రెండు టచ్‌లలోపు కొట్టాలి. 6 బంతులు ఒక సెట్, నాలుగు సెట్లు, మధ్యలో నిమిషంన్నర విశ్రాంతి. బంతి బార్ పైనుంచి పోతుంటే నిలబడే కాలు బంతి వెనకే ఆగిపోయి, ఒళ్లు వెనక్కి వాలుతున్నట్టు. ఆ కాలిని బంతి పక్కకు తెమ్మనండి, ఇంకేం చెప్పొద్దు. మొరం నేలమీద బంతి మోకాలి దాకా ఎగురుతుంటే గాలి 9 పీఎస్ఐకి తగ్గించండి. నిబంధనల్లో 8.5 నుంచి 15.6 దాకా ఒప్పుకుంటారు. 12 ఏళ్ల లోపు వాళ్లకు 4వ నంబరు బంతి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 లోపే ముగించాలి.

వయసు గడిలో పుట్టిన నెల కూడా రాయండి. ఇంగ్లండ్‌లో వయసు గ్రూపులు సెప్టెంబర్ 1తో మొదలవుతాయి, మన స్కూల్ టోర్నీలలో జనవరి 1తో. కేన్ పుట్టింది జూలై 28న, అంటే తన బ్యాచ్‌లో చిన్నవాళ్లలో ఒకడు. ఆర్సెనల్ అకాడమీ అతన్ని చిన్నప్పుడే వదిలేసింది. మన దగ్గర ఆ నష్టం నవంబర్, డిసెంబర్‌లో పుట్టినవాళ్లది. జనవరిలో పుట్టిన తోటివాడు దాదాపు ఏడాది పెద్ద, 13 ఏళ్లప్పుడు అది ఎత్తులో బాగా కనిపించే తేడా. అందుకని డిసెంబర్ పిల్లల వరసలను తర్వాతి ఏడాది జనవరిలో పుట్టిన పిల్లల వరసలతో కూడా పోల్చి చూడండి.

నిజామాబాద్ జిల్లా నుంచి పోయి భారత జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడుతున్న గుగులోత్ సౌమ్య పేజీ కూడా ఒకటి పెట్టుకోవచ్చు, 2022లో డైనమో జాగ్రెబ్‌కు పోయిన వరస దగ్గర ఎర్ర గీత మరవొద్దు.

మన పిల్లల మ్యాచ్‌లో నిమిషాలు లెక్కపెట్టే వాచీ పట్టుకునే పని ఫార్వర్డ్ నాయినకు ఇవ్వకండి. కొడుకు బెంచీ మీదున్న నిమిషాలు ఆయన వాచీలో ఎప్పుడూ తక్కువే పడతాయి. బెంచీ మీద కూర్చున్న గోల్‌కీపర్‌కు ఇవ్వండి.